సార్ దవాఖాన, నా పగ

పోయిన నెల ఒక పొద్దున ఫోన్ వచ్చింది, సార్ పోయారని. డోర్నకల్‌లో ఆయన పశువుల దవాఖాన తెలియని రైతు లేడు. రాత్రి బాగానే పడుకున్నారట, తెల్లారి లేవలేదు. నిజం చెప్పాలంటే నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నా పగ తీరడం చూడకుండానే వెళ్ళిపోయారని.

ఆ పగ సంగతి మీకు చెప్పాలి. పశువైద్యం చదివి మొదట జనగామలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో జీతానికి చేరాను. దాని యజమానీ డాక్టరే. నర్మెట్ట దగ్గర ఒక ఊళ్ళో ఈనిన బర్రె లేవలేక పడిపోతే ఇద్దరం వెళ్ళాం. కాల్షియం ఎక్కించాలి. అది నరంలోకి మెల్లగా పోవాలి, తొందరపడితే గుండె ఆగిపోతుంది. అతనికేమో ఇంకో ఊరికి పోయే ఆత్రం. నేను వద్దంటున్నా సీసా పైకెత్తి వేగం పెంచాడు. బర్రె వణికి మెడ వాల్చేసింది. ఇంటావిడ గుండెలు బాదుకుంటుంటే నా వైపు వేలు చూపించి, "గీ పోరి కొత్తది. చేతకాకపాయె," అన్నాడు. ఊరంతా నన్ను తిట్టింది. సాయంత్రానికి ఉద్యోగమూ పోయింది.

అప్పుడు నన్ను చేరదీసింది సార్. చదువుకునే రోజుల్లో ఆయన దగ్గర పని నేర్చుకున్న చనువుతో వెళ్ళాను. ఎవరింటికి వెళ్ళినా ఆయన ముందు చాయ్ అడిగేవారు. చాయ్ పిచ్చి అనుకునేదాన్ని. కాదు. సీసా దూలానికి కట్టి, కాల్షియం దిగుతున్నంతసేపూ ఒక చేత్తో బర్రె చెవి, ఇంకో చేత్తో గ్లాసు పట్టుకుని కూర్చునేవారు. "నా చెయ్యికి తొందరెక్కువ బిడ్డా. గందుకే దానికి గ్లాసు పట్టిచ్చిన," అనేవారు. చల్లబడ్డ చెవి వెచ్చబడేదాకా ఆ చాయ్ అయిపోయేది కాదు.

నా మనసంతా జనగామలోనే ఉండేది. అతని క్లినిక్‌కు ఎదురుగా ఒక మడిగె, అంటే దుకాణం గది, ఖాళీగా ఉంది. అందులో సొంత క్లినిక్ పెట్టి, అతను ఈగలు తోలుకునేలా చేయాలి. సార్‌కి చెప్పాను. నీతులు చెబుతారనుకుంటే నవ్వారు.

"నేను సుత పగతోనే పెట్టిన. ఎదురుంగ ఉన్నోడు కొన్నేండ్లకు దుకాణం మూసుకొని పోయిండు. తెల్లారి నాకు షటర్ లేపబుద్ధి కాలె. బయట గొర్లు అరుస్తున్నయని లేపిన."

"అయితే వదిలేయమంటారా సార్?"

"ఎందుకు ఇడుస్తవ్? వాడు చేసింది తప్పే. గని వాడు లేకున్నా పొద్దుగాల లేస్తవా, గది సూసుకో. లేస్తనంటే పెట్టు."

మళ్ళీ పనిలో పడ్డాను. మడిగె మాట్లాడుకోలేదు, మనసులోంచి తీసేయనూ లేదు. అలా నాన్చుతుండగానే సార్ పోయారు.

దినాల నాడు జనగామ యజమాని దండ పట్టుకుని దిగాడు. ఇప్పుడు భూపాలపల్లిలోనూ ఒక క్లినిక్ తెరిచాడు. ఫోటోకు దండ వేసి, చేతులు కట్టుకుని, సార్ భార్యతో అన్నాడు: "అమ్మా, దవాఖాన ఖాళీగ ఎందుకు? నాకియ్యుండ్రి. సార్ పేరు నిలబెడ్త."

సార్ పేరు, ఆ చేతుల్లో! ఒళ్ళు మండిపోయింది. "అది నేను నడుపుత," అన్నాను. అప్పటిదాకా ఎవరితోనూ అనని మాట. ఆమె నా మొహంలోకి చూసింది. "నిజంగనా బిడ్డా?" అంది. నిజంగనే అన్నాను. "ఇన్నవు గద బాబూ," అని అతనికి చెప్పి లోపలికి వెళ్ళింది.

ఆ మాట నాతో అనిపించింది సేవాభావం కాదు, పగే. అది ఇంకా చల్లారలేదు, చల్లారాలని నాకూ లేదు. సార్ కూర్చున్న కుర్చీలో కూర్చుంటే మాత్రం ఏడుపు వస్తోంది.

నిన్న అతను మళ్ళీ వచ్చాడు. ఆ సమయానికి తండా నుంచి ట్రాలీ ఆటోలో తెచ్చిన బర్రె వెనక మోకాళ్ళ మీద ఉన్నాను. దూడ అడ్డం తిరిగింది. భుజం దాకా నా చెయ్యి లోపలే ఉంది.

"మేడమ్, జర మాట్లాడాలె," అన్నాడు వెనక నుంచి.

ఇన్నాళ్ళూ అతని మొహం మీద అనాలని దాచుకున్న మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. దూడ గిట్ట నా వేళ్ళకు తగిలింది, జారింది, మళ్ళీ దొరికింది.

"ఎవలో పిలుస్తున్నరు బిడ్డా," అంది బర్రె తాలూకు అవ్వ.

"పిలవనీ అవ్వా. నువ్వు తోక పట్టుకో," అన్నాను.

తిరిగి చూడలేదు. గేటు వైపు నుంచి పడ్డ అతని నీడ నా పక్కన ఎండలో అలాగే ఉంది. నిలబడనీ.