పెన్సిల్‌తో రాసిన ‘సు’

మా ఎంఈఓ సారు పోయారు. మంగళవారం పొద్దున పిల్లల్ని ప్రార్థనకు వరసలో నిలబెడుతుంటే టీచర్ల గ్రూపులో కబురు వచ్చింది. మండల విద్యాధికారిగా ఆయన రిటైరై చాలా ఏళ్లయింది కాబట్టి, కొత్తగా వచ్చిన టీచర్లు ‘ఎవరీయన?’ అని అడిగారు. నాకు చర్రున కోపం వచ్చింది. వాళ్ల తప్పేం లేదు, అయినా వచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను.

డోన్ దగ్గరి మా మండలంలో పత్తి తీత అయిపోగానే సగం ఊరు మిరప కోతలకు గుంటూరు వైపు లారీలెక్కుతుంది. దాన్ని మేం సుగ్గికి పోవడం అంటాం. ఐదో తరగతిలో నేనూ మా అమ్మానాన్నల వెంట అట్లాగే పోయాను. మూడు నెలలకు తిరిగొచ్చి, మర్నాడే బడికి పరిగెత్తాను. హాజరుపట్టీలో నా పేరు మీద ఎర్రగీత ఉంది. పక్కన ‘బడి మానేసింది’ అని రాసి ఉంది.

“నీ పేరు కొట్టేసినాం. వచ్చే ఏడు సూద్దాం పో” అన్నాడు మా అయ్యవారు. వచ్చే ఏడు అంటే మా ఇంట్లో ఇక చదువు లేనట్టే. అప్పటికే నేను పెద్దవాళ్లతో సమానంగా కాయలు కోస్తున్నాను.

నా అదృష్టం, ఆ రోజు ఎంఈఓ సారు తనిఖీకి వచ్చి ఉన్నారు. కుర్చీ వేసినా కూర్చోరు. పిల్లల మధ్య చాప మీద చేరి నోటుబుక్కులు చూస్తున్నారు.

“యాడికి పోయింటివి పాపా?”

“సుగ్గికి సార్.”

ఆయన అయ్యవారి వైపు తిరిగారు. “ఏమప్పా, సుగ్గికి పోయిన బిడ్డ బడి మానేసినట్టు ఎట్లయితాది? ఈడనే నిలబడుండాది గదా!”

“ఫారంలో ‘ఉన్నారు’, ‘మానేశారు’ అని రెండే గళ్లుండాయి సార్. నేనేం జేసేది?”

సారు పట్టీలో చివర నా పేరు మళ్లీ రాయించారు. సుగ్గి నుంచి ఇంకా రాని పిల్లలందరి పేర్ల పక్కన, జేబులో పెన్సిల్ తీసి, ‘సు’ అని తానే రాశారు.

“పట్టీలో పెన్సిల్ పనికిరాదు సార్” అని అయ్యవారు కంగారుపడ్డాడు.

“చెరిపేయాల్సింది పెన్సిల్‌తోనే గదప్పా రాసేది! వచ్చిన బిడ్డ చేతికే రబ్బరియ్యి. అదే చెరుపుకుంటాది.”

ఆ తర్వాత మండలంలోని బడులన్నిటిలో అదే పద్ధతి అయింది. ఆయన ఆఫీసు రెండు గదులు, అందులో ఒకటి కురిసేది. సగం పోస్టులు ఖాళీ. ఉన్న ఒక్క స్కూటరును ఓ పక్కకు ఒంచితే గానీ స్టార్టయ్యేది కాదు. అయినా జిల్లాకు పంపే ప్రతి ఫారం మీదా స్కేలు పెట్టి మూడో గడి గీసి, ‘వస్తారు’ అని పేరు పెట్టేవారు. మీటింగులో పైవాళ్లు ఆయన్ను నిలబెట్టి చీవాట్లు పెట్టారట. మర్నాడు మళ్లీ గీశారు. మహా మొండి మనిషి.

ఆ మూడో గడి నిండిపోవడం చూసే, చివరికి పైవాళ్లు మా ఊరికి సుగ్గికాలపు హాస్టలు ఇచ్చారు. ఆరో తరగతి నుంచి నేను అందులోనే ఉండి చదివాను. సారు వచ్చారంటే ముందు వంటగదిలోకే. మూత తీసి, “ఏమ్మా, పప్పులో పప్పు ఉండాదా?” అనేవారు. వంటామె నవ్వుకుంటూనే మర్నాడు ఇంకో గుప్పెడు వేసేది.

అందరూ తిరిగి రాలేదు. నా పక్కన కూర్చునే పిల్ల పేరు దగ్గర ‘సు’ అట్లాగే ఉండిపోయింది. నేను టీచరునయ్యాక ఎప్పుడు కలిసినా సారు ఆ పిల్ల సంగతే అడిగేవారు. పోయిన నెల ఫోన్లో కూడా, “ఆ పాప అజా ఏమన్నా తెలిసిందామ్మా?” అన్నారు. లేదన్నాను. కనీసం వెతుకుతున్నానని చెప్పాల్సింది.

ఇప్పుడు హాజరు ఫోన్లో వేస్తాం. అందులోనూ రెండే గళ్లు. నేను మాత్రం పక్కన ఒక కాగితం పట్టీ పెట్టుకున్నాను. ఇవాళ ఈ ఉద్యోగం, ఈ నాలుగు అక్షరాలు నాకున్నాయంటే ఆయన పుణ్యమే. బతికుండగా ఆ మాట ఆయనతో సరిగ్గా అనలేదు.

శుక్రవారం మండల వనరుల కేంద్రంలో సంతాప సభ జరిగింది. అందరూ వెళ్లిపోయాక, గోడకు అంటించిన పాత ఫోన్ నంబర్ల కాగితంలో సారు పేరు కొట్టేయడానికి క్లర్కు ఎర్రపెన్ను తీశాడు. అతనూ చిన్నప్పుడు సుగ్గికి పోయొచ్చినవాడే.

“ఉండప్పా” అన్నాను. బ్యాగులోంచి పెన్సిల్ తీసి, సారు పేరు పక్కన ‘సు’ అని రాశాను.

అతను పెన్ను మూత పెట్టేశాడు. ఆ అక్షరం వైపు చూసి, మెల్లగా అడిగాడు.

“మరి రబ్బరు ఎవరి చేతికిస్తాం మేడమ్?”