రబ్బరు కప్పా, రీలు బ్రేకూ

రబ్బరు కప్పను చూసి మనసు పారేసుకున్న ఆడది జంషెడ్‌పూర్ మొత్తం మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను. యాభై దాటినదాన్ని. ఇరవై నాలుగేళ్ళుగా కార్ఖానాలో క్రేను నడుపుతున్నదాన్ని. అలాంటిదాన్ని, బిష్టుపూర్‌లో గాలాలమ్మే దుకాణంలో అద్దాల బల్ల మీదున్న ఆకుపచ్చ కప్పను వేలితో నొక్కాను. దాని పొట్ట లోపలికి పోయి, వీపు పక్కన దాక్కున్న రెండు కొక్కేలు బయటికొచ్చాయి. "ఓలమ్మో!" అని అరిచేశాను. దుకాణం దాదా (ఇక్కడ అన్నను అలాగే పిలుస్తాం) ఉలిక్కిపడి టీ గ్లాసు కింద పెట్టాడు. ఇంకోసారి నొక్కాను. మళ్ళీ కొక్కేలు. అలా ఎన్నిసార్లు నొక్కానో నాకే తెలీదు, నవ్వు మాత్రం ఆగలేదు.

దీనికంతటికీ కారణం, అంతకుముందు వారం సువర్ణరేఖ ఒడ్డున పిక్నిక్‌లో చూసిన ఒక మనిషి. ఆయన వానపామును గుచ్చడు, పిండి ముద్ద కలపడు, అసలు కూర్చోడు. నిలబడి కర్ర విదిలిస్తే ఒక బొమ్మ కప్ప ఎక్కడో తూటాకుల మధ్య పడుతుంది. రీలు తిప్పుతుంటే అది నీళ్ళ మీద గెంతుకుంటూ వెనక్కి వస్తుంది. నిజమైన కప్పే అనుకుని కొరమీను దాన్ని మింగుతుందట! నేను చేతిలో బిర్యానీ పళ్ళెంతో నిలబడి గంటసేపు చూశాను. బిర్యానీ చల్లారిపోయింది. ఇన్నాళ్ళూ ఈ సంగతి నాకెవరూ ఎందుకు చెప్పలేదు అని ఒళ్ళు మండిపోయింది కూడా.

మా ఇంట్లో గాలమంటే మా నాన్నే. ఆయనా క్రేను ఆపరేటరే. సెలవు రోజున వెదురు గాలం పట్టుకుని ఖర్కాయి ఒడ్డుకు పోయేవాడు, తమ్ముణ్ణి వెంటేసుకుని. నా పని మూడు గిన్నెల కేరేజీలో అన్నం పట్టుకెళ్ళి ఇచ్చి రావడం. ఇచ్చాక కాసేపు నిలబడితే చాలు, "ఆడపిల్ల నీడ పడితే సేప రాదే, ఇంటికెల్లు" అనేవాడు. తమ్ముడు నా వంక చూసి పళ్ళికిలించేవాడు. వాడికి ఒక్క చేపా పడేది కాదు, నా నీడ లేకపోయినా సరే.

తరవాత నాన్న ముందుగానే రిటైరవుతూ తన నౌకరీ నాకిప్పించాడు. తమ్ముడు అప్పటికే విశాఖపట్నం వెళ్ళిపోయాడు కాబట్టి నాకొచ్చింది, అది వేరే సంగతి. మూడు నెలలు ఆయనే నేర్పాడు. నేను పైన కేబిన్‌లో, ఆయన కింద నేల మీద. ఆ రొదలో మాట వినపడదు, అంతా చేతి సైగలే. వేలు పైకి పెట్టి తిప్పితే ఎత్తమని, కిందికి పెట్టి తిప్పితే దించమని, అరచెయ్యి అడ్డంగా ఆడిస్తే ఆపమని. బ్రేకు గురించి మాత్రం ఇంటికొచ్చాక కూడా చెప్పేవాడు. "బ్రేకు జారిందంటే కిందోడి పానం పోతాది. ఏటైనా అవనీ, బ్రేకు జారకూడదు." చివరి రోజున అంచుదాకా నీళ్ళున్న బకెట్టును కొక్కానికి తగిలించి ఎత్తించాడు, షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకు నడిపించాడు, దింపించాడు. చుక్క ఒలకలేదు. నేను పరిగెత్తుకుంటూ నిచ్చెన దిగాను. "ఊఁ" అన్నాడు. చేతులు కడుక్కోడానికి వెళ్ళిపోయాడు.

కాబట్టి నా కోరిక ఏమిటో దాచను. ఆయన కళ్ళ ముందు ఒక కొరమీనును లాగాలి. అంతే. డెబ్భై ఎనిమిదేళ్ళొచ్చాయి, కుడి భుజం పట్టేసి వెదురు గాలం వసారాలో మూలన పడి ఉంది. ఈ చేత్తో నేను లాగుతుంటే ఆయన పక్కన నిలబడి చూడాలి, నా నీడలో నిలబడి!

ఇక రీలు. దాదా మొదట చూపించింది కర్రకు కింద వేలాడే రకం. "దీదీ, నయే లోగోఁ కే లియే యహీ ఠీక్ హై," కొత్తవాళ్ళకు ఇదే మంచిదన్నాడు. నా కళ్ళు దాని మీద లేవు. పక్కన ఇంకోటి ఉంది, కర్ర మీద కూర్చునే రకం. చిన్న డ్రమ్ము, దాని మీద వరసగా చుట్టుకున్న దారం, పక్కన పళ్ళ చక్రాలు, ఒక మీట, నక్షత్రం ఆకారంలో బ్రేకు బిగించే చక్రం. అచ్చం నా క్రేనే! రోజూ నలభై టన్నులెత్తే డ్రమ్మును ఎవరో నా అరచేతిలో సరిపోయేట్టు చేసి పెట్టినట్టుంది. "అది కష్టం, దారం చిక్కుపడుతుంది" అని దాదా చెబుతూనే ఉన్నాడు. ఇరవై నాలుగేళ్ళుగా డ్రమ్ము మీద రోపు చిక్కుపడకుండా చూస్తున్నదాన్ని, నాకు చెబుతావా అన్నాను. ఆ రీలూ, దానికి సరిపోయే రాడ్డూ, ఒక కప్ప, ఎరలా మెరిసే ఒక వెండి రంగు చెంచా, నోరు తెరుచుకున్న ఒక చెక్క చేప, సన్న నైలాన్ దారం తీసుకున్నాను. సంచీ ఊపుకుంటూ ఆటో ఎక్కాను.

సీతారామ్‌డేరాలో మా సందులోనే సాధన. దారం చిక్కుపడింది. ఎంతగా పడిందంటే మొదటి విసురుకే డ్రమ్ము మీద పిచ్చుక గూడు తయారైంది. మూడు రోజులు గూళ్ళు విప్పాను. విసిరినప్పుడు బొటనవేలితో డ్రమ్మును సుతారంగా అదిమి పట్టాలని అప్పటికి తెలిసింది. ఆదివారం చర్చిలో పాస్టరుగారు ప్రసంగం చేస్తుంటే నా బొటనవేలు పాటల పుస్తకం అట్ట మీద అదిమి వదులుతూనే ఉంది. నాలుగో రోజున చెక్క చేప నేనుంచిన బకెట్టును దాటిపోయి, పక్కింటావిడ ఆరేసిన లంగాను పట్టుకుంది. నేను రీలు తిప్పుతున్నాను, లంగా నా దగ్గరికి వస్తోంది, ఆవిడ గోడ పక్కనుంచి చూస్తోంది. మా అమ్మాయి గేటు దగ్గరే కూలబడి, "మమ్మీ, పహలా మఛలీ మిల్ గయా!" అని కడుపు పట్టుకుంది. మొదటి చేప పడిందట!

నాన్న వసారాలో కూర్చుని ఇవన్నీ చూస్తూనే ఉన్నాడు. ఒకరోజు రీలు చేతిలోకి తీసుకుని నక్షత్రం చక్రం తిప్పి చూశాడు. దారం లాగాడు. చేప లాగితే దారం కొంచెం కొంచెంగా జారిపోవడానికే ఆ చక్రం ఉంది, వదులుగా ఉంచమని దాదా చెప్పాడు. దారం జిర్రుమని జారింది. ఆ శబ్దానికి మా ఇద్దరి ముఖాలూ ఒకేసారి మాడిపోయాయి. బ్రేకు జారుతున్న శబ్దం అది.

"ఏటే ఇది? బ్రేకు జారతంది. బిగించీ."

"నాకూ నచ్చలేదు నాన్నా." బిగించాను.

"ఇంకో సుట్టు తిప్పు." ఇంకో చుట్టు తిప్పాను. ఇప్పుడు ఇద్దరం లాగినా దారం కదల్లేదు. ఆయన తృప్తిగా తలాడించాడు. మా ఇద్దరికీ ఏ విషయంలోనైనా మాట కలిసిందంటే బహుశా అదే మొదలు.

తరవాతి ఆదివారం చర్చి అవ్వగానే ఇద్దరం గమ్హరియా వైపు వెళ్ళాం. అక్కడ ఫ్యాక్టరీల వెనక ఒక చెరువుంది, యజమాని ఆదివారాల్లో గాలం వేసుకోనిస్తాడు. సగం తామరాకులు, సగం ఖాళీ నీళ్ళు. గోడకవతల ప్రెస్సు మిషను దబ్బుదబ్బుమంటోంది. నాన్న గొడుగు వేసుకుని గట్టు మీద కూర్చున్నాడు. "నీ వల్ల అవదే" అని మొదలెట్టాడు, నేను ఇంకా చెప్పులైనా విప్పకముందే.

ఎనిమిదో విసురుకో తొమ్మిదో విసురుకో కప్ప కింద నీళ్ళు బద్దలయ్యాయి. అబ్బ! కర్ర నా చేతిలో విల్లులా వంగిపోయింది. అటు చేప, ఇటు నేను, మధ్యలో ఇంచి కూడా జారని బ్రేకు. మూడు లెక్క పెట్టేలోపు టప్‌మని దారం తెగింది. నేను వెనక్కి బురదలో కూర్చుండిపోయాను. నా ఆకుపచ్చ కప్పను నోట్లో పెట్టుకుని ఆ మహాతల్లి వెళ్ళిపోయింది.

"దారం నాసిరకం," అన్నాడు నాన్న. గొడుగు మడుస్తూ, "ఒచ్చే ఆదివారం సూత్తాను. అప్పుడూ పడకపోతే ఆ రాడ్డూ రీలూ తమ్ముడికి పంపించీ. ఆడికైతే పనికొత్తాది," అన్నాడు.

తమ్ముడికా! పళ్ళికిలించడం తప్ప గాలంతో ఏమీ చెయ్యనివాడికా! ఆటోలో దారి పొడుగునా రాడ్డును ఒళ్ళో గట్టిగా పట్టుకునే కూర్చున్నాను. బురద లంగావోణీలా ఒంటికంటుకుని ఉంది, దాని మీద ఏడుపు ఒకటి. నాకు ఆయన మీద నిజంగా కోపం వచ్చింది. యాభై ఏళ్ళ కోపం.

గురువారం దుకాణానికి బయల్దేరితే, కళ్ళజోడు బాగుచేయించుకోవాలి, నానూ వత్తాను అన్నాడు. కళ్ళజోడు బాగానే ఉంది. దుకాణంలో దాదా కొత్త ఆకుపచ్చ కప్ప తీయబోతే నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆ సెరువుల పచ్చ కప్ప ఎక్కడుందే? అన్నీ మట్టి రంగువే." నేనెప్పుడూ గమనించలేదు. గట్టు మీద కూర్చుని ఆయన నన్ను వెక్కిరించడమే కాదు, కప్పల్ని కూడా చూశాడన్నమాట. పెట్టెలన్నీ దింపించి, ఒక్కో కప్పనూ ఎడమ చేత్తో నొక్కి, పొట్ట మెత్తగా ఉన్న మట్టి రంగుదాన్ని ఏరాడు. దాన్ని నొక్కినప్పుడల్లా ఆయన మీసం కదులుతోంది. నవ్వుతున్నాడు! నేను చూడనట్టు దారాల వైపు తిరిగాను.

దాదా నా రీలు తీసుకుని బ్రేకు చూసి తల బాదుకున్నాడు. "దీదీ, ఇది చేపకు కట్టిన గొలుసా? వదులు చెయ్యండి. అది పరిగెడితే పరిగెట్టనివ్వండి, అలిసిపోయాక అదే వస్తుంది," అన్నాడు హిందీలో. చక్రాన్ని తనే రెండు చుట్లు వెనక్కి తిప్పాడు. నాన్న కళ్ళు ఆ చక్రం మీదే ఉన్నాయి. ఇంటికొచ్చాక నేను బిగించబోయాను, బిగించలేదు, మళ్ళీ బిగించబోయాను. రాత్రి పడుకునేదాకా అదే పని. చివరికి అలాగే వదిలేశాను.

ఆదివారం. అదే చెరువు, అదే గొడుగు, అదే ప్రెస్సు చప్పుడు. పొద్దు వాలుతోంది, ఇంకో గంట పోతే రీలు విశాఖపట్నం రైలెక్కుతుంది. నా బొటనవేలు బొబ్బలెక్కింది. తామరాకుల అంచున మట్టి కప్ప పడి, రెండు గెంతులు గెంతింది, మూడోది గెంతలేదు. నీళ్ళు పేలాయి.

చేప ఖాళీ నీళ్ళ వైపు పరుగందుకుంది. రీలు జిర్రుమంది. ఓరి దేవుడా, ఆ శబ్దం! బ్రేకు జారుతోంది. నా ఒంట్లో ప్రతి ఎముకా బిగించు బిగించు అంటోంది. ఎడమ చెయ్యి దానంతటదే చక్రం మీదికి వెళ్ళింది. కొక్కానికి బరువు తగిలితే చాలు, నా కళ్ళు కింద సైగలిచ్చేవాడి కోసం వెతుకుతాయి. అలవాటు. తల తిప్పి గట్టు వైపు చూశాను.

నాన్న లేచి నిలబడ్డాడు. గొడుగు కింద పడి ఉంది. ఎడమ చెయ్యి చాచి, వేలు నేలకు చూపించి, నెమ్మదిగా తిప్పుతున్నాడు. దించు. దించు. జారనివ్వు.

నేను చక్రం మీద నుంచి చెయ్యి తీసేశాను. రీలు కేకలు పెడుతూ దారం వదిలింది, చెరువు సగం దాకా. అక్కడ అది నెమ్మదించింది. నాన్న వేలు పైకి లేచింది, తిరిగింది. ఎత్తు. నేను చుట్టాను. అది మళ్ళీ పరిగెత్తింది, వేలు మళ్ళీ కిందికి. అంతా చేతి సైగలే. ఎంతసేపో. ఆఖరికి నా మోచెయ్యంత కొరమీను, నల్లటి వీపుతో, మూతికి మట్టి రంగు కప్పతో, గట్టు మీద గడ్డిలో పడింది. నేను గంతులేశాను. అవునండీ, గంతులే, ఆ వయసులో, ఆ బురదలో, నైటీ మీద టీషర్టు వేసుకుని! నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలీలేదు.

నాన్న వచ్చి చేపను చూశాడు. నన్ను చూశాడు. "ఊఁ," అన్నాడు. అది విని నాకు మళ్ళీ నవ్వొచ్చింది, ఇంక ఆగలేదు.

ఇంటికొచ్చి నేను పులుసుకు ఉల్లిపాయలు కోస్తుంటే ముందు గదిలో ఆయన తమ్ముడికి ఫోను చేస్తున్నాడు. "ఆ రీలు నీకు పంపట్లేదురా. అప్పకి కావాల." ఎందుకని వాడడిగినట్టున్నాడు. "దాని సెయ్యి నీకు రాదులేరా," అన్నాడు. ఉల్లిపాయలు మరీ ఘాటుగా ఉన్నాయి ఆ పూట.

తరవాతి ఆదివారం చర్చి నుంచి వచ్చి, బట్టలు మార్చుకుని, రాడ్డు తీసుకుని బయటికి వచ్చాను. నాన్న అప్పటికే గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, తలకు తువ్వాలు చుట్టుకుని. ఎడమ చేతిలో మా పాత మూడు గిన్నెల కేరేజీ. తనే సర్దుకున్నట్టున్నాడు, మూత సరిగా పడక చారు కారుతోంది.

ఇటివ్వు నాన్నా, నేను పట్టుకుంటానన్నాను.

"నువ్వు రాడ్డు పట్టుకో," అన్నాడు. కేరేజీ ఇవ్వలేదు.