కొలత జాకెట్టు

ముప్పై ఆరేళ్లు వచ్చేదాకా నా ఒంటికి ఎవరూ టేపు పెట్టి కొలవలేదు. కుప్పంలో డిగ్రీ పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. అయినా నా ఛాతీ చుట్టుకొలత ఎంతో, భుజం వెడల్పు ఎంతో నాకే తెలియదు. మా ఇంట్లో ఆడవాళ్లెవరికీ తెలియదు. కొత్త గుడ్డతో పాటు పాత జాకెట్టు ఒకటి చుట్టి టైలరుకు ఇచ్చేవాళ్లం. దాన్నే కొలత జాకెట్టు అంటారు. పాతదాంట్లో ఏ తప్పుంటే కొత్తదాంట్లోనూ అదే తప్పు వచ్చేది. మరుసటి ఏడాది ఆ కొత్తదే కొలతకు పోయేది.

మాది చౌడేపల్లె దగ్గర చిన్న పల్లె. అమ్మా నాయనా కూలికి పోయేవాళ్లు. టమోటా కోతలప్పుడు అమ్మ చీర మీద నాయన పాత ఫుల్‌చేతుల చొక్కా తొడుక్కుని, మెడ దాకా గుండీలు పెట్టుకుని పోయేది. కోతకు పోయే ఆడవాళ్లందరూ అట్లాగే పోతారు, ఎండా ఆకు పసరూ తగలకుండా. మిగతావాళ్లు ఇల్లు చేరగానే చొక్కా విప్పి దండెం మీద వేసేవాళ్లు. అమ్మ విప్పేది కాదు. అన్నం వండేటప్పుడు, వీధి పంపు దగ్గర నీళ్లు పట్టేటప్పుడు, చుట్టాలొచ్చినప్పుడు కూడా ఆ చొక్కా ఆమె ఒంటి మీదే ఉండేది. అలవాటు పడిపోయింది కాబోలు అనుకునేదాన్ని.

ఒంటి తీరు నాకు అమ్మ నుంచే వచ్చింది. నడుము సన్నం, పైన నిండు. మదనపల్లెలో డిగ్రీలో చేరినప్పుడు అమ్మ రెండు సైజులు పెద్దవైన చుడీదార్లు కొనిచ్చింది. చున్నీకి రెండు భుజాల దగ్గరా పిన్నులు పెట్టడం నేర్పింది. "నిక్కి నడవద్దు పాపా. తల వంచుకొని పో, తల వంచుకొని రా" అని చెప్పింది. మూడేళ్లూ అట్లాగే పోయి వచ్చాను. ఆ పిన్నులు పెట్టుకున్న ప్రతి పొద్దూ అమ్మ మీద కోపం వచ్చేది. బయటికి అనలేదు.

పీజీ అయ్యాక పుంగనూరులో ఒక ప్రైవేటు కాలేజీలో ఉద్యోగం దొరికింది. రెండో నెలలో ప్రిన్సిపాల్ తన గదికి పిలిచాడు. ఆయన చెడ్డమనిషి కాదు. నా మొహం వైపు చూడలేక, బల్ల మీద పెన్నును అటూ ఇటూ జరిపాడు.

"ఏమనుకోవద్దమ్మా. పిల్లలు వయసులో ఉండే పిల్లలు. కొంచెం వదులుగా ఉండే బట్టలు ఏసుకుంటే బాగుంటాది" అన్నాడు చివరికి.

నేను వేసుకున్నది అప్పటికే వదులు. అంతకంటే వదులు ఎట్లా ఉంటుందో నాకు తెలియలేదు. "సరే సార్" అని బయటికి వచ్చాను. మిగిలిన రెండు పీరియడ్లు ఎట్లా చెప్పానో గుర్తు లేదు. సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, బ్యాగు ఒళ్లో నిలువుగా పెట్టుకుని, దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను. దొంగతనం చేసి పట్టుబడ్డదాని మాదిరి ఉండింది నా మనసు.

అప్పటి నుంచి కొన్నవన్నీ గోనెసంచుల్లాంటి బట్టలే. ఛాతీ దగ్గర ఎత్తుగా మొదలై, అక్కడి నుంచి నేరుగా మోకాళ్ల దాకా వేలాడేవి. మధ్యలో నడుము ఒకటుందని తెలిసేది కాదు. పెళ్లయిన ఏడాది స్టాఫ్ రూంలో ఒకావిడ "ఎన్నో నెల?" అని అడిగింది. ఏ నెలా కాదని చెప్పాను. ఇంకోసారి బస్సులో ఒక పెద్దాయన లేచి, "కూసో తల్లీ, ఇట్లాంటప్పుడు నిలబడకూడదు" అని సీటిచ్చాడు. కాదని చెప్పడానికి నోరు రాక కూర్చున్నాను. పుంగనూరు నుంచి చౌడేపల్లె దాకా ఆయన నా పక్కనే కడ్డీ పట్టుకుని నిలబడి వచ్చాడు.

కొన్నేళ్లకు ప్రభుత్వ ఉద్యోగం వచ్చి కుప్పం పోయాను. జీతం, గౌరవం రెండూ పెరిగాయి. బట్టలు మాత్రం మారలేదు. కొలతకు మించిన కుర్తాలో చంక బాగా కిందికి ఉంటుంది. చెయ్యి ఎత్తితే కుర్తా అంతా దానితో పాటు పైకి లేస్తుంది, ఛాతీ మీద బిగుస్తుంది. అందుకని నేను బోర్డు పై సగం వాడడం మానేశాను. నా భుజం ఎత్తుకు కిందనే లెక్కలన్నీ. వెనక బెంచీల నుంచి "మేడమ్, కనపడలే" అనేవాళ్లు. ముందుకొచ్చి కూర్చోండని కసిరేదాన్ని. ఆ పిల్లలు నిజంగా లెక్కే చూడాలనుకున్నారు. నాకు మాత్రం ఏ గొంతు విన్నా వెటకారంగానే వినిపించేది.

ఒక ఏడాది మా కాలేజీ చూడడానికి బయటి నుంచి ఒక కమిటీ వచ్చింది. డిపార్టుమెంటు వివరాలు చెప్పాల్సింది నేను. రికార్డుల ఫైలును గుండెలకు ఆనించుకుని నిలబడి, అడిగినవాటన్నిటికీ తడబడకుండా చెప్పాను. చివర్లో ఒక పెద్దమనిషి చెయ్యి చాపి, "ఆ ఫైలు ఇలా ఇవ్వండి మేడమ్" అన్నాడు.

నా చేతులు కదల్లేదు. ఆయన చెయ్యి అట్లాగే గాల్లో ఉంది. "ఫైలు" అన్నాడు మళ్లీ, మెల్లగా. అప్పుడు ఇచ్చాను. ఇచ్చిన వెంటనే నా భుజాలు రెండూ ముందుకు ముడుచుకుపోయాయి.

బాటనీ మేడమ్ అది చూసింది. ఆవిడది వెంకటగిరికోట. రిటైర్మెంటుకు రెండేళ్లుంది. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కమిటీవాళ్లు పోయాక ల్యాబ్‌లోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

"ఫైలు ఇచ్చేదానికి యాల అంత భయపడితివి?"

బల్ల మీది మైక్రోస్కోపుకు గుడ్డ కప్పుతూ తనే చెప్పింది.

"నాకూ ఇదే అవస్థ ఉండె. నలభై దాటినంక గానీ తెలుసుకోలేదు. మదనపల్లెలో ఒకామె కుడతాది, ఆమె కాడికి పో. కొలత జాకెట్టు మాత్రం ఎత్తుకొని పోవద్దు. మనిషి పోవాల."

ఎండాకాలం సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు పోయాను. ఒంటరిగా పోవడానికి బెరుకై అమ్మను వెంటబెట్టుకున్నాను. టౌన్లో ఒక సందు, ఇంటి ముందు గదే కుట్టుగది. గడపకు పరదా, లోపల రెండు మిషన్లు, నిలువెత్తు అద్దం. ఆమెకు యాభై దాటి ఉంటాయి. ముస్లిమామె. లోపల కోడలితో ఉర్దూలో ఏదో చెప్పి, మాతో తెలుగులోకి మారింది. పరదా ఇవతలికి మగవాళ్లను రానివ్వదట.

"నిలబడు అమ్మా. భుజాలు ముందుకి తోయొద్దు" అంది టేపు చేతిలోకి తీసుకుంటూ.

"నేను తోయలేదక్కా."

"తోస్తాండావు. అద్దంలో సూడు."

చూశాను. ఆమె చెప్పింది నిజం. ఊరికే నిలబడ్డాననుకున్నప్పుడు కూడా నేను వంగే ఉన్నాను.

ఆమె మాట్లాడకుండా కొలిచింది. ఛాతీ మీద, ఛాతీ కింద, భుజం నుంచి ఛాతీ ఎత్తు దాకా, అక్కడి నుంచి నడుము దాకా, వీపు అడ్డంగా, చంక చుట్టూ. ఇన్ని చోట్ల కొలుస్తారని నాకు తెలియదు. అన్నీ రాసుకున్నాక పెన్సిలు చెవి మీద పెట్టుకుంది.

"ఇప్పుడు నేను ఏమీ కుట్టను. ముందు లోపల ఏసుకునేది మార్చుకొని రా. నువ్వేసుకున్నేది నీ సైజు కాదు. అది సరిగా లేకుంటే నేను పైన ఏం కుట్టినా ఇంతే" అని చీటీ మీద ఒక నంబరు రాసిచ్చింది.

లోపలి బట్టలమ్మే షాపు అంటేనే నాకు భయం. కౌంటర్ దగ్గర అందరూ మగవాళ్లే ఉంటారు. ఎన్నో ఏళ్ల కిందట ఒకసారి చెప్పిన సైజునే గొణిగినట్టు చెప్పి, కవరు చేతికి రాగానే పారిపోయేదాన్ని. అది సరిపోదని తెలిసినా ఇంకో సైజు అడిగే ధైర్యం లేదు. భుజాల మీద పట్టీలు కోసుకుపోయి గాట్లు పడ్డాయి. ఆ రోజు చీటీ ఇచ్చాను. షాపతను చదివి, తల ఎత్తకుండానే, "ఈ సైజులో రెండు రంగులే ఉండాయి మేడమ్" అని రెండు డబ్బాలు బల్ల మీద పెట్టాడు. అంతే. ఇన్నేళ్లు భయపడ్డది అర నిమిషంలో అయిపోయింది.

తిరిగి వచ్చాక ఆమె మళ్లీ మొదటి నుంచి కొలిచింది. కొన్ని అంకెలు మారాయి. నేను తీసుకుపోయిన బట్టల్లోంచి గంజి పెట్టినట్టు బిరుసుగా ఉన్నవాటిని పక్కన పెట్టి, మెత్తగా జారే నూలు గుడ్డలు ఏరింది.

"వదులుగా ఏస్తే దాగదమ్మా, ఇంకా పెద్దగా కనిపిస్తాది. బిగించినా అంతే. ఒంటికి ఎంత కావాల్నో అంత గుడ్డే ఉండాల. భుజం కాడినుంచి నడుము దాకా రెండు కుట్లు ఏస్తా, అప్పుడు నీ నడుము నీకు వస్తాది. చంక పైకి తెస్తా. మెడ మూసేయను, బాగా దించను. ఛాతీ మీద బార్డరు, పువ్వులు, జోబీ ఏమీ వద్దు. చీర కట్టినప్పుడు పైట కుచ్చిళ్లు వెడల్పుగా పెట్టుకో, ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు."

ఒంటి గురించి ఎవరైనా నాతో అట్లా మాట్లాడడం అదే మొదలు. అందులో సిగ్గు లేదు, జాలీ లేదు. కిటికీకి కొలత తీసుకునే వడ్రంగి మాట ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

అమ్మ అంతసేపూ తలుపు పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది, టౌనుకని చొక్కా వదిలి, కొంగు రెండు భుజాల మీదుగా చుట్టుకుని.

"నువ్వూ రామ్మా" అంది ఆమె.

"నాకెందుకమ్మా, ముసిలిదాన్ని."

"ముసిలోళ్లకి జాకెట్లు వద్దా? రా."

అమ్మ లేచింది. కొంగు తియ్యమంటే నా వైపు చూసింది. నేను అద్దం వైపు తిరిగాను. టేపు వీపు మీదికి వచ్చేసరికి కొలుస్తున్నామె ఆగిపోయింది. అరచేతిని అమ్మ మెడ కింద, వంపు మీద పెట్టి అట్లాగే ఉంచింది.

"పనికి పోయి వంగినానని అనుకుంటాండావేమో. ఇది ఆ వంపు కాదమ్మా. కూలోళ్లకి నడుము కాడ వంగుతాది. ఇది భుజాల కాడ. దాచుకొని దాచుకొని వచ్చింది. నేను చానా మందిని సూసినా."

అమ్మ జారిన కొంగును పట్టుకుని గోడ వైపు తిరిగింది. పక్కగదిలో కోడలి మిషను చప్పుడు ఆగి, మళ్లీ మొదలైంది.

"కాపురానికి వచ్చిన కొత్తలో" అంది అమ్మ చివరికి, ఎవరికీ కాకుండా గోడకు చెప్పినట్టు, "చెనిక్కాయల పనికి పోతిమి. మేస్త్రీ అందరి ముందరా నా ఒంటిని గురించి ఒక మాటన్నాడు. అందరూ నగినారు. ఆడోళ్లు కూడా నగినారు."

"ఏమన్నాడమ్మా?" అన్నాను నేను.

"ఆ మాట నా నోట్తో చెప్పలేను. ఆ పొద్దు ఇంటికొచ్చి మీ నాయన సొక్కా ఏసుకుంటి. మీ నాయన యాల అని అడగలే. నేనూ చెప్పలే."

నేను అద్దంలోంచే అమ్మను చూశాను. పిన్నుల గురించి, తల వంచుకోవడం గురించి ఇన్నేళ్లు ఆమె మీద పెట్టుకున్న కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. తనకు తెలిసిన ఒకే ఒక కాపుదల ఆమె నాకు ఇచ్చింది. అదే నన్ను ఇంతదాకా వంచింది కూడా. రెండూ నిజమే.

టైలరామె మా అమ్మ కొలతలన్నీ రాసుకుంది. అమ్మ వంపుకు తగ్గట్టు జాకెట్టు వెనక ముక్క కొంచెం పొడుగ్గా కత్తిరిస్తానని చెప్పింది. లేకపోతే వెనక పైకి లేచిపోతుందట. అమ్మ ముదురు కాఫీరంగు గుడ్డ ఎంచుకుంది.

జూన్‌లో కాలేజీ తెరిచారు. మొదటి క్లాసుకు బూడిదరంగు కుర్తా వేసుకుని పోయాను, మోచేతి దాకా చేతులు, చున్నీకి ఒకే పిన్ను. చాక్‌పీసు తీసుకుని బోర్డు పైఅంచు నుంచి రాయడం మొదలుపెట్టాను. చెయ్యి పైకి పోయింది, కుర్తా ఉన్నచోటే ఉంది. బోర్డు నిండేదాకా వెనక్కి తిరగలేదు. తిరిగితే అరవై తలలు వంగి నోటు పుస్తకాల్లో ఎక్కించుకుంటున్నాయి. ఎవరూ దేన్నీ గమనించలేదు. నాకు కావాల్సింది కూడా అదే. బాటనీ మేడమ్ వరండాలో ఎదురై ఒకసారి తేరిపార చూసి, తల ఊపి వెళ్లిపోయింది.

నా భుజాలు సరికావడానికి ఆరు నెలలు పట్టింది. మరిచిపోయినప్పుడల్లా ముందుకు వచ్చేవి, గుర్తొచ్చి వెనక్కి లాక్కునేదాన్ని. ఇప్పుడు ఆ ధ్యాస అక్కరలేదు.

అమ్మకు అట్లా కాలేదు. మదనపల్లెలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసి, ఈ వయసులో ఈ వంపు పోదనీ, ఇంకా ఎక్కువ కాకుండా చూసుకోవాలనీ చెప్పాడు. రోజూ పొద్దున వీపు గోడకు ఆనించి కాసేపు నిలబడమన్నాడు. ఇంటికొచ్చి నిలబెట్టాను. మడమలు తగిలాయి, నడుము తగిలింది. భుజాలకూ గోడకూ మధ్య నా చెయ్యి దూరేంత సందు ఉండిపోయింది. "తగలాల్నా పాపా?" అంది అమ్మ. తగిలినంతే చాలన్నాను.

కుప్పం నుంచి రోజూ కాలేజీకి బయలుదేరే ముందు ఫోన్ చేస్తాను.

"నిలబడినావా అమ్మా?"

"నిలబడినా."

"ఎంతసేపు?"

"మీ నాయన కాఫీ తాగేంత సేపు" అంటుంది. తర్వాత ఆ రోజు నేను ఏ చీర కట్టుకున్నానో అడుగుతుంది.