ఎక్కడికని అడగకూడని వేళ

రామన్నపేట దగ్గర మా బడి ఇంగ్లీషు మీడియం అయిన ఏడాది, నాలుగో తరగతికి వాక్యాల రకాలు నేర్పాను. ఉన్నది చెప్పే వాక్యం, అడిగే వాక్యం, పని చెప్పే వాక్యం, ఆశ్చర్యపోయే వాక్యం. బోర్డు మీద రాసినంత మాత్రాన మా పిల్లల బుర్రకెక్కదు. అందుకని ఒక్కో రకం ఇంట్లో ఎవరితోనైనా అని రమ్మన్నాను. అడిగే వాక్యానికి నేనిచ్చింది ‘వేర్ ఆర్ యూ గోయింగ్?’. ఇంతకంటే తేలికైనది ఉండదని నా ధీమా.

మర్నాడు ప్రార్థన కాకముందే ఒక పిల్ల ఏడ్చుకుంటూ వచ్చింది. వెనకే వాళ్లమ్మ.

“టీచర్, జర మా ఇంటిదాక రాండ్రి. మా అత్త దవాఖానకు పోనంటాంది.”

సంగతి దారిలో చెప్పింది. ఆ రోజే పిల్ల అవ్వకు నార్కట్‌పల్లిలో కంటి ఆపరేషన్. ఒక కన్ను ఎప్పుడో పోయింది. మిగిలిన దానికి మసక కమ్మింది, ఇంకా ఆలస్యమైతే అదీ దక్కదన్నారట. ముసలమ్మ గడప దాటగానే పిల్ల ఎదురొచ్చి నా వాక్యం అప్పజెప్పింది. ఏమన్నవే అని అవ్వ అంటే గొప్పగా తెలుగులోనూ చెప్పింది. బయలుదేరిన మనిషిని ఎక్కడికని అడుగుతారా ఎవరైనా! నేరుగా తెలుగులో అయితే ఆ పిల్లా అడిగేది కాదు. ఇంగ్లీషుకు శకునాలు అంటవనుకుంది కాబోలు. నాకైతే ఆ ఆలోచనే రాలేదు.

అవ్వ చెప్పులు విడిచి మంచంలో కూర్చుని ఉంది. బయట ఆటో హారన్ మోగుతోంది.

“కాసిన్ని మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరు అవ్వా,” అన్నాను.

“తాగిన. అయినా కాళ్లు కదుల్తలెవ్వు. కన్ను కోస్తరట బిడ్డా.”

అప్పుడర్థమైంది. భయం ముందు నుంచే ఉంది. మూలిగే నక్క మీద తాటిపండులా నా ప్రశ్న వచ్చి పడింది. శకునం లేదు గికునం లేదని వాదిద్దామనుకున్నాను గానీ, పిల్లి ఎదురొస్తే ఆగే రకాన్నే నేనూ.

పిల్లను ముందుకు లాగి, “పని చెప్పే వాక్యం ఒకటి చెప్పు మీ అవ్వకు,” అన్నాను కోపంగా.

అది ముక్కు తుడుచుకుని, “గో...” అని ఆగిపోయింది. పొమ్మనడానికి నోరు రాలేదు దానికి. “గో అండ్ కమ్, అవ్వా.”

“ఏమంటాందే ఇది?” అవ్వ కోడలిని అడిగింది.

“పోయి రా అంటున్న,” అంది పిల్లే.

అవ్వ చెప్పుల కోసం కాలితో నేలంతా తడిమింది. నేను వాటిని దగ్గరికి జరిపాను.

కొన్నాళ్లకు అవ్వ నల్లద్దాలు పెట్టుకుని బడికి వచ్చింది. మనవరాలిని దగ్గరికి పిలిచింది.

“ఆనాడు అడిగినవు గదా, ఇప్పుడడుగు.”

పిల్ల నావైపు చూసింది. నేను తలూపాను.

“ఎక్కడికి పోయినవ్ అవ్వా?”

అవ్వ అద్దాలు తీసి, పిల్ల గదవ పట్టుకుని వెలుగుకు తిప్పింది.

“గీ మొఖం చూసెటందుకు పోయిన.”