రేపల్లె బండిలో నా పెళ్ళిచూపులు

ఆ రోజుల్లో నాకు రెండు విషయాలు ఎంతకీ అంతుపట్టేవి కావు. మొదటిది, లోకంలో అందరూ ఒక పని మొదలుపెట్టి, మధ్యలో ఇంకేదీ ముట్టుకోకుండా, చివరిదాకా ఎలా చేస్తారా అని. రెండోది, హాస్టల్లో నా తోటి ఆడపిల్లలు ఫలానా అబ్బాయి కనబడగానే గుండె దడదడలాడిందని చెప్పుకుంటుంటే, ఆ దడ ఎలా ఉంటుందా అని. (ఒకసారి ఒకమ్మాయి మణికట్టు పట్టుకుని నాడి కూడా చూశాను. నిజంగానే వేగంగా కొట్టుకుంటోంది. భలే ఆశ్చర్యం వేసింది.) మొదటిదానికి మా ఇంట్లో ఒక పేరు పెట్టారు, తూనీగ అని, ఒకచోట వాలదు కనక. రెండోదానికి ఎవరూ పేరు పెట్టలేదు, నేనెవరికీ చెప్పలేదు కనక. అప్పటికి బాపట్లలో విత్తనాలు పరీక్షించే ఒక ల్యాబులో కొత్తగా చేరాను. ట్రేలో పోసిన వడ్లగింజల్లో ఏవి మొలకెత్తాయో చూడడం నా పని. గింజలతో పాటు కిటికీలోంచి మబ్బుల్ని కూడా చూసేదాన్ని కాబట్టి, మా సార్ నా ట్రేలన్నీ మళ్ళీ స్వయంగా చూసుకునేవారు.

అలాంటి రోజుల్లో రేపల్లె నుంచి అమ్మ ఫోన్ చేసింది. "ఆదివారం పెళ్ళివారొస్తున్నారే. నువ్వు శనివారం సాయంత్రానికల్లా ఇంట్లో ఉండాలి. నచ్చితే అప్పటికప్పుడే తాంబూలాలు పుచ్చుకుందామంటున్నారు." ఆ తర్వాత అబ్బాయి వివరాలన్నీ చెప్పింది. సరిగ్గా అప్పుడే హాస్టల్ మెట్ల మీద చీమలు మిరపకాయ బజ్జీ ముక్కనొకదాన్ని మోసుకుపోతున్నాయి, మలుపు ఎలా తిప్పుతాయోనని చూస్తున్నాను. "విన్నావా?" అంది అమ్మ. విన్నానన్నాను. అబ్బాయి బుద్ధిమంతుడు అన్న ముక్క ఒక్కటే చెవిన పడింది. ఫొటో ఫోన్లోకి పంపిందట, తర్వాత చూద్దాంలే అనుకున్న గుట్టలో అదీ చేరిపోయింది. కానీ తాంబూలాలన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. ఇష్టం లేదంటే ఎవరైనా ఉన్నారా అంటారు. ఎవరూ లేరంటే మరింకేంటి అంటారు.

శనివారం బయల్దేరబోతూ, పాత వాచీ ఎందుకు ఆగిపోయిందో ఒకసారి చూద్దామని విప్పి కూర్చున్నాను. వాచీ నడవలేదు గానీ నా బండి వెళ్ళిపోయింది. ఆదివారం పొద్దున్నే జుట్టు కూడా సరిగ్గా దువ్వుకోకుండా, మొహానికి స్కార్ఫు చుట్టుకుని తెనాలిలో దిగి, రేపల్లె బండిలోకి ఎక్కి పడ్డాను. ఎదురు సీట్లో ముగ్గురున్నారు: ముత్యాల దండ వేసుకున్న ఒకావిడ, పేపరు చదువుకుంటున్న కళ్ళజోడు ఆవిడ, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కిటికీలోంచి చూస్తున్న ఒకబ్బాయి. పక్కన పళ్ళ బుట్ట ఉంది. స్కార్ఫు విప్పి కూర్చున్నానో లేదో, ముత్యాల దండావిడ నాకు జంతికలు పెట్టి ఊరూ పేరూ అడగకుండానే అసలు విషయానికొచ్చారు.

"పెళ్ళయిందా అమ్మా?"

"లేదండి. ఇంట్లో వాళ్ళు చూస్తున్నారండి. నాకే..."

కళ్ళజోడు ఆవిడ పేపరు మీంచి తలెత్తారు. "నీకే?"

రైల్లో మనుషులు మళ్ళీ కనబడరన్న ధైర్యం ఒకటుంటుంది చూడండి, అది నాకు పూనింది. వేమూరు దాటేసరికి, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఎవరికీ చెప్పనిదంతా వాళ్ళ ముందు గుమ్మరించేశాను. "అందరికీ వేసే ఆకలి నాకు వెయ్యదండి. ఎవర్ని చూసినా అంతే. ఆకలి లేనిదాన్ని విస్తరి ముందు కూర్చోబెడితే ఏం చెయ్యను?"

"జబ్బేమోనని భయపడ్డావా?" అని అడిగారు కళ్ళజోడు ఆవిడ. ఆ అడగడంలో జాలి లేదు, నిజంగా తెలుసుకోవాలన్న కుతూహలమే ఉంది.

"లేదండి. జబ్బయితే బాధుండాలిగా. నాకు హాయిగానే ఉంది. స్నేహితులు బోలెడుమంది. మనుషులంటే నాకు చచ్చేంత ఇష్టం."

"అవన్నీ పెళ్ళయితే సర్దుకుంటాయిలే," అని ముత్యాల దండావిడ ఇంకో జంతిక నా చేతిలో పెట్టారు. అది కొరుకుతూ, భట్టిప్రోలు వస్తుండగా, మర్యాదకి నేనూ అడిగాను, మీరెక్కడికండీ అని. "మా వాడికి పెళ్ళిచూపులమ్మా. హిందీ మాష్టారి అమ్మాయట. బాపట్లలో ఉద్యోగం, ఏవో గింజలవీ చూస్తుందట. నోట్లో నాలుక లేని పిల్లట!"

రేపల్లెలో హిందీ మాష్టార్లు నలుగురైదుగురుండొచ్చు. బాపట్లలో గింజలు చూసే కూతురున్న హిందీ మాష్టారు మాత్రం మా నాన్న ఒక్కరే. ఆవిడ ఫోన్లో ఫొటో కూడా చూపించారు. మా స్టూడియో అతను సున్నం కొట్టినట్టు తెల్లగా చేసిన ఆ మొహాన్ని నేనే పోల్చుకోలేకపోయాను, ఇక ఆవిడేం పోలుస్తారు. "దుమ్మండీ," అని స్కార్ఫు మళ్ళీ చుట్టేసుకున్నాను. కళ్ళజోడు ఆవిడ ఫొటో చూసి, నన్ను చూసి, పేపరు మడతపెట్టి ఒళ్ళో పెట్టుకున్నారు. బండి ఆగీ ఆగకముందే దూకి, ఆటో ఎక్కి, దొడ్డిదారిన ఇంట్లో పడ్డాను.

అమ్మ నన్ను తిడుతూనే మొహం కడిగించి, చీర కట్టి, కాఫీ గ్లాసుల పళ్ళెం చేతిలో పెట్టి ముందు గదిలోకి తోసింది. ముత్యాల దండావిడ నన్ను చూసి నోరు తెరిచారు. "ఏమ్మా, నువ్వు..."

"ముందు కాఫీ తాగు వదినా, చల్లారిపోతుంది," అన్నారు కళ్ళజోడు ఆవిడ. ఆవిడ అబ్బాయికి మేనత్తని అప్పుడు తెలిసింది. మా నాన్న ఈ చూపులేవీ గమనించకుండా, ఈ కాలం పద్ధతి ప్రకారం, పిల్లలిద్దరూ కాసేపు మాట్లాడుకోండని మమ్మల్ని డాబా మీదకి పంపించారు.

"ఇయర్‌ఫోన్లలో పాటలేం రావట్లేదండి. చార్జింగ్ అయిపోయింది," అన్నాడు అబ్బాయి, డాబా మీద మొట్టమొదటి మాటగా.

"అయితే అంతా విన్నారా?"

"విన్నానండి. నిజంగా ఎప్పుడూ, ఎవరి మీదా అనిపించలేదా?"

"లేదండి. మీకు అనిపిస్తుందా?" అన్నాను. అతను చెవులు ఎర్రబడి, అనిపిస్తుందండి అన్నాడు. అడిగితే చెప్పే మనిషి ఇన్నాళ్ళకి దొరికాడని నాకు ప్రాణం లేచొచ్చింది. "ఎలా ఉంటుందండి?" పాపం, అతను వడియాలు ఎండబెట్టిన గుడ్డ చుట్టూ తిరుగుతూ చాలాసేపు ఆలోచించాడు. "ఆ మనిషి గదిలోకొస్తే ఇంక మిగతా గది కనపడదండి."

"నాకు ఆ మనిషి తప్ప గదంతా కనపడుతుందండి," అన్నాను. ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం. (కింద మా అమ్మ ఆ నవ్వులు విని తాంబూలం పళ్ళెం సర్దిందట.) నవ్వాక అతనే అన్నాడు, "నాకు నచ్చలేదని చెప్పేస్తానండి. మాట నా మీద ఉంటుంది, మీకేం ఇబ్బంది రాదు." ఎంత బుద్ధిమంతుడో చూడండి. సరేనందామనుకున్నాను. కానీ ఇతను పోతే ఇంకొకరొస్తారు, వాళ్ళ ఇయర్‌ఫోన్లు పనిచెయ్యొచ్చు. "వద్దండి, నేనే చెప్తాను," అని మెట్లు దిగాను.

చెప్పాను. నాకు పెళ్ళే వద్దన్నాను. నేననుకున్నట్టే నాన్న ఎవరైనా ఉన్నారా అన్నారు. "ఎవరూ లేరు నాన్నా. ఉండరు కూడా. నాకసలు అలా అనిపించదు." అమ్మ గుమ్మంలోకొచ్చింది. "రేపు మేం పోతే నీకెవరున్నారే?" అంది. ఆ ప్రశ్నకి నాకు ఏడుపొచ్చింది, ఎందుకంటే అదే భయం నాకూ ఉంది. ముత్యాల దండావిడ బుట్ట అందుకుని లేవబోతుంటే, మేనత్తగారు గ్లాసు కింద పెట్టారు.

"నాకూ అంతేనండి అన్నయ్యగారూ. జాతకదోషమని మా వాళ్ళు ఊరంతా చెప్పుకున్నారు గానీ, దోషం లేదు పాడూ లేదు. నాకు అక్కర్లేకపోయింది, అంతే."

"ఇన్నేళ్ళూ ఒక్కముక్క చెప్పలేదేంటి వదినా!" అని ముత్యాల దండావిడ మళ్ళీ కూలబడ్డారు.

"నువ్వు అడగలేదుగా."

సంబంధం తప్పిపోయింది, చుట్టరికం మాత్రం కలిసింది. సెలవు దొరికితే తెనాలిలో కళ్ళజోడు అత్తయ్యగారి ఇంటికి పోయేదాన్ని. ఆవిడ రిటైరైన సైన్సు టీచరు. ఒకరోజు ఇంటర్నెట్లో వెతుకుతుంటే, ఎవరి మీదా ఆ రకమైన కోరిక కలగనివాళ్ళని ఏసెక్సువల్ అంటారని దొరికింది. ఫోన్ చేసి అత్తయ్యగారికి చదివి వినిపించాను. "అరవై దాటాక నాకు పేరు పెట్టావే పిల్లా," అన్నారు. అలాంటి తెలుగువాళ్ళ గ్రూపు ఒకటి ఫోన్లో కనబడింది, చీరాల, పొన్నూరు, గుంటూరు వాళ్ళు కూడా ఉన్నారు. అందులో ఒకమ్మాయి నా వాయిస్ మెసేజీలు విని (ఒక విషయంతో మొదలై ఇంకెక్కడో తేలేవి), నాకు ఏడీహెచ్‌డీ (ధ్యాస ఒకచోట నిలవకపోవడం) ఉంది, నీ మాటలు నా మాటల్లానే ఉన్నాయి, ఒకసారి డాక్టరుకి చూపించుకో అంది. గుంటూరులో డాక్టరుగారు ప్రశ్నలడుగుతుంటే నేను ఆయన బల్ల మీద క్లిప్పులన్నిటినీ గొలుసుగా అల్లుతూ జవాబులు చెప్పాను. చివర్లో ఆయన ఆ గొలుసు వంక చూసి నవ్వారు. మందులిచ్చారు, ధ్యాస నిలబెట్టుకునే కిటుకులు నేర్పించారు. మందు వేసుకోవాలని గుర్తుండడానికి మాత్రం మందు లేదట. రోజూ పొద్దున అత్తయ్యగారు ఫోన్ చేసి, "వేసుకున్నావా?" అంటారు.

ఇప్పుడు అప్పుడప్పుడూ ఆ గ్రూపువాళ్ళందరూ బాపట్లలో మా అద్దె ఇంటికి వస్తారు. వండుకుంటాం, వాదించుకుంటాం, సాయంత్రం సూర్యలంక సముద్రానికి పోతాం. మొదట్లో అమ్మ, వీళ్ళెవరో ఏంటోనని, చూసి పోదామనే వచ్చింది. మూలన కూర్చుని అందర్నీ తేరిపార చూసింది. పొన్నూరు అబ్బాయి ఉల్లిపాయలు సన్నగా తరుగుతుంటే అదీ చూసింది. మొన్న ఫోన్ చేసింది. "ఈ ఆదివారం మీవాళ్ళొస్తున్నారా? గోంగూర పచ్చడి పంపిస్తా. మీవాళ్ళలో కారం పడనివాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

మా ఊళ్ళో ఆ 'మీవాళ్ళు' అన్న మాట పెళ్ళయిన కూతుళ్ళతోనే అంటారు. అందరికీ పడుతుందమ్మా అన్నాను. ఫోన్ పెట్టేశాక, ఎవరితో మాట్లాడుతున్నానో కూడా తెలియకుండా, రైల్లో జంతిక నములుతూ మనసంతా చెప్పుకున్న ఆ దువ్వుకోని జుట్టు పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఇప్పుడు కనబడితే నోరు మూసుకోవే అని అనను. ఇంకొంచెం గట్టిగా మాట్లాడు, పక్క పెట్టెలో కూడా మనలాంటివాళ్ళు ఎవరైనా ఉన్నారేమో అంటాను.