పెద్దదాన్నైపోయానన్న పాపానికి

మొన్న పాలకొల్లులో చుట్టాలింటికి వెళితే గుమ్మంలోనే చిమ్మిలి వాసన కొట్టింది. వేయించిన నువ్వులు, బెల్లం. వాళ్ళమ్మాయి పెద్దమనిషైందని దంచుతున్నారు. అందరికీ నోరూరించే వాసన. నాకు మాత్రం ఒళ్ళు మండిపోతుంది.

తొంభైల్లో మాట. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఒక మధ్యాహ్నం స్కూలు నుంచి నీరసంగా వచ్చి పడుకున్నాను. కళ్ళు తెరిచేసరికి నా చేతివేళ్ళు అరటికాయలంత లావుగా ఉన్నాయి. గది అగ్గిపెట్టెంత అయిపోయింది. గుమ్మంలో నాయనమ్మ బొటనవేలంత ఉంది. కాళ్ళు చాపితే గోడలు పగిలిపోతాయని భయమేసి, ముడుచుకుపోయి, "నాయనమ్మా, నేను పెద్దదాన్నైపోయాను," అని ఏడ్చాను.

అంతే. ఇంకో మాట అడిగితే ఒట్టు. నన్ను తాటాకు చాప మీద కూర్చోబెట్టి, ఎవరూ ముట్టుకోకూడదని చెప్పి, మావయ్యకి కబురు పంపింది. తొమ్మిదేళ్ళకేంటని అమ్మ నసిగింది గానీ, అత్తగారి మాట దాటలేక గుమ్మం దగ్గరే ఆగిపోయింది. పేరంటాళ్ళు వచ్చి చిమ్మిలి ఉండలు పెట్టి వెళ్ళారు. చేతులు ఉబ్బిపోతున్నాయి, గోడలు మీదికొచ్చేస్తున్నాయి అని చెబితే, సిగ్గుపడుతోందని నవ్వారు. జ్వరంతో కాలిపోతున్న పిల్ల మీద ఒక్కరైనా చెయ్యి వేసిన పాపాన పోలేదు. ఆ నవ్వులు తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు కొరుక్కుంటాను.

పక్కింటి సుశీల టీచరుగారు మా స్కూల్లో సైన్సు చెప్పేవారు. నోరెక్కువని వీధిలో అందరూ ఆవిడ్ని ఆడిపోసుకునేవారు. బొట్టు పెట్టి పిలిస్తే ఆ సాయంత్రం వచ్చి, నా ముందు చతికిలబడ్డారు.

"ఏం పెద్దదైందే?"

"చేతులండి. కాళ్ళు కూడానండి. మీరేమో బాగా చిన్నగా అయిపోయారండి."

నాయనమ్మ వద్దు వద్దంటున్నా వినకుండా నా నుదుటి మీద చెయ్యి వేశారు. ఆ తర్వాత ఆవిడ అరిచిన అరుపులకి వీధి వీధంతా మా ఇంటి ముందుకొచ్చింది.

"పిల్ల ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. ఏమైందే అని అడిగే నాథుడే లేడేంటండి ఈ ఇంట్లో?"

మైల సంగతి తర్వాత చూసుకోమని, నన్ను భుజాన వేసుకుని రిక్షా ఎక్కేశారు. డాక్టరుగారు టైఫాయిడ్ అన్నారు. ఇంకాస్త ఆలస్యమైతే ఫిట్స్ వచ్చేవట. జ్వరం ఎక్కువైనప్పుడు కొందరు పిల్లలకి అలా ఉన్నవి ఉన్న సైజులో కనిపించవని కూడా ఆయనే చెప్పారు.

ఇంట్లో పొరపాటైందని ఒక్కరూ అనలేదు. పరువు తీసిందని టీచరుగారితోనే మాటలు మానేశారు. కొన్నేళ్ళకి నేను నిజంగానే పెద్దమనిషినైతే ఊరందరినీ పిలిచి ఆవిడ్ని మాత్రం పిలవలేదు. ఆవిడకి పెట్టని చిమ్మిలి నాకూ వద్దని విసిరికొట్టాను. మళ్ళీ ఇంతవరకూ ముట్టలేదు. టీచరుగారు ఇప్పుడు లేరు. నాకూ నోరెక్కువని అత్తవారింట్లో అంటూంటారు. అననీ.

మొన్న ఆ చుట్టాలింట్లోనూ ఆడవాళ్ళంతా చీరల గొడవలో ఉన్నారు. చాప మీద పిల్ల తల వంచుకుని కూర్చుంది. నా చేతిలో పెట్టిన ఉండ పక్కన పడేసి, ముట్టుకోకూడదని వాళ్ళు అంటూండగానే వెళ్ళి ఆ పిల్ల నుదుటి మీద చెయ్యి వేశాను. చల్లగానే ఉంది. ఎలా ఉందమ్మా నీకు అని అడిగాను.

"పొద్దున్నుంచీ నన్నెవరూ అడగలేదండి," అంది.