అత్త పికప్పుకి రంగులేసిన రోజులు

ఆ రోజుల్లో నాకు చేతకాని పని ఏదైనా ఉందంటే, అది నాకు చేతకాదని ఒప్పుకోవడం ఒక్కటే. ఇరవై నాలుగేళ్ల వయసు, చేతిలో మెకానికల్ డిప్లొమా, ఉద్యోగం మాత్రం లేదు. ఒంగోలు పక్కన మా ఊళ్లో ఇంటిముందు కూర్చుని, ఫోన్లో పాత బండ్లు బాగుచేసే వీడియోలు చూస్తూ, వాళ్లు చేసింది నేను చేయలేనా అనుకునేవాణ్ణి. చేయడానికి బండి కూడా దొరికింది. రెండిళ్ల అవతల, మా మేనత్త రేకుల షెడ్డులో పదేళ్లుగా తుప్పు పడుతున్న పికప్పు. మామయ్య పోయాక అత్త ఎవర్నీ బతిమాలకుండా, ఖాళీగా ఉన్న పొగాకు చేలో తనే డ్రైవింగ్ నేర్చుకుని, చీర కుచ్చెళ్లు ఎగదోపి, మిరప టిక్కీలు (మా వైపు మిర్చి బస్తాని అట్లాగే అంటారు) వేసుకుని గుంటూరు యార్డుకి తోలిన బండి అది. మోకాళ్లు మొరాయించాక ఆపేసింది.

బాగుచేస్తానంటే అత్త తాళం ఇస్తూ ఒక్కటే అడిగింది. “స్టార్టయినాక ముందు నేను తోలాలి. కొత్తపట్నం సముద్రం దాకా పోయొస్తా. సరేనా?”

సరే అన్నాను. అనడానికేం పోయింది.

బండిని మా ఇంటి ముందుకు లాక్కొచ్చి నేను చేసిన మొదటి ఘనకార్యం ఆదివారం పొద్దున జరిగింది. అద్దెకు తెచ్చిన కంప్రెసరుతో వెనక తొట్టి సందుల్లోని దుమ్ము ఊదాను. అది దుమ్ము కాదని, ఏళ్ల తరబడి టిక్కీల్లోంచి రాలిన కారమని ఊదాక తెలిసింది. గాలి చర్చి వైపు వీస్తోంది. ప్రార్థన మధ్యలో పాస్టరుగారు తుమ్మారు, పాట అందుకున్నవాళ్లంతా దగ్గారు. (పాట పూర్తయిందని కొందరంటారు. నేను నమ్మను.) కాసేపటికి ఎర్రబడ్డ కళ్లతో సగం ఊరు మా గేటు ముందు నిలబడింది. అమ్మ అందరికీ చేతులు జోడించి మజ్జిగ పోసింది. అత్త మాత్రం మా అరుగు మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటూ, “ఇంకా ఎంత ఘాటుందిరా. అప్పటి కాయ అట్టాంటిది,” అని మురిసిపోయింది.

నాలుగో నెలలో, చీరాల నుంచి వచ్చిన ముసలి మెకానిక్కు పుణ్యమా అని (నేను విప్పి పాడుచేసినవన్నీ ఆయన నోరెత్తకుండా మళ్లీ బిగించాడు) ఇంజను అందుకుంది. ఆ చప్పుడు విని అత్త చెప్పులైనా లేకుండా వచ్చేసింది.

“తాళం ఇటియ్యి.”

“ఇప్పుడే కాదత్తా. రంగెయ్యాలి.”

“రంగు లేకపోతే కదలదా?”

“అట్టా కాదు. నువ్వెక్కేటప్పటికి కొత్తదాన్లా ఉండాలి.”

రంగు వేశాక మళ్లీ వచ్చింది. ఇంకా గట్టిపడలేదు, గీతలు పడతాయన్నాను. “మిరపకాయలు మోసిన బండికి గీతలేందిరా,” అని వెళ్లిపోయింది. ఆ తర్వాత సీటు మార్చాను, స్టీరింగు మార్చాను, గేరు రాడ్డు మీద గుబ్బ కూడా మార్చాను. ఊళ్లోవాళ్లు పక్కన నిలబడి ఫొటోలు దిగుతుంటే నా కళ్లు నెత్తికెక్కాయి. మూడోసారి అత్త అడిగినప్పుడు హారన్ ఇంకా రాలేదన్నాను. నాలుగోసారి అడగలేదు. ఓపిక పట్టిందనుకున్నాను. నాకు టీ తెచ్చేటప్పుడు గోడ పట్టుకుని నడుస్తుంటే మోకాళ్ల నొప్పులనుకున్నాను. గ్లాసు నా చేతికి కాకుండా పక్కన గాలిలోకి అందిస్తే పరధ్యానం అనుకున్నాను. బండి తలుపు మీద వెంట్రుకంత గీతని కనిపెట్టే నా కళ్లకి అది కనబడలేదు.

ఏడాదిన్నరకి బండి పూర్తయింది. అత్త గుమ్మం ముందు ఆపి, దర్జాగా తాళంతో చెయ్యి చాచాను. ఆవిడ మెల్లగా వచ్చి, తలుపు తడుముకుంటూ ఎక్కింది. స్టీరింగు చుట్టూ చేతులు తిప్పింది. సీటు నొక్కి చూసింది. గేరు రాడ్డు పట్టుకుని వదిలేసింది.

“ఇది ఎవరి బండిరా?”

“నీదే అత్తా.”

“కాదులే. నా బండి నాకు తెలియదా.”

వేళాకోళం అనుకుని నవ్వాను. అప్పుడు చెప్పింది, కంటి నరం దెబ్బతిందని, ఆర్నెల్లుగా వెలుగు తప్ప మనుషులు కనబడటం లేదని.

“మరి చెప్పవేం?”

“చెబితే తోలనియ్యవని.”

నేనే తోలాను. పక్కన కూర్చుని కొత్తపట్నం దాకా తిడుతూనే ఉంది. “క్లచ్చి మీద కాలు తియ్యి. ఇంజను ఏడుస్తోంది, గేరు మార్చు. ఎవడు నేర్పాడ్రా నీకు?” చప్పుడు బట్టే అన్ని తప్పులూ పట్టేసింది. సముద్రం ఒడ్డున, గట్టి ఇసుక మీద ఆపాను.

“ఎవరన్నా ఉన్నారా ఇక్కడ?” అని అడిగింది.

“ఎవరూ లేరత్తా. కనుచూపు మేర ఖాళీ.”

కాసేపటికి, “సరే, ఇంటికి పోదాం పద,” అంది.

అత్త పోయి తొమ్మిదేళ్లు. ఆ ప్రశ్న ఎందుకడిగిందో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఇంజను ఆపకుండా నేను ఆవిడకి స్టీరింగు వదిలి, కుడి ఎడమ చెబుతూ పక్కన కూర్చుంటే చాలు, ఆ ఖాళీలో పది నిమిషాలు ఆవిడే తోలేది. నేననే ఈ మహా మెకానిక్కు ఆ పది నిమిషాలూ ఏం చేశాడో తెలుసా? కిందికి దిగి, ఉప్పు గాలికి రంగు పాడవకుండా బానెట్టు తుడిచాడు.